జానెడూ బెత్తెడూ

బరాగా,
నవంబరు 9, 1995

చిరంజీవి తైమికి,

మీ ఆర్వో బాబాయి దీవెనలు. ఇక్కడ నేనూ, అరిగిపోయిన నా తుంటీ ఒకరినొకరం తిట్టుకుంటూ రోజులు వెళ్ళదీస్తున్నాం. మీ లెంపి పిన్ని కులాసా. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ నేను కాఫీలో ఉప్పు వేసుకుంటున్నానని కనబడిన వాళ్ళందరికీ చెబుతోంది. వేసుకున్నది ఒక్కసారే. నువ్వు అక్కడ మిల్వాకీలో ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను. జులైలో మీ అమ్మ పోయినప్పుడు నేను రాలేకపోయాను. తుంటి నొప్పి అని కబురు పెట్టాను. అందులో సగమే నిజం.

నీ ఉత్తరం నా ముందే ఉంది. ఇరవై ఆరేళ్ళ తర్వాత మన వేట కాంపుకి వస్తానంటున్నావు. పదిహేనో తారీకున, వేట మొదలయ్యే రోజున, మీ నాన్న మంచె మీద, మీ నాన్న తుపాకితో, ఒక్కదానివే కూర్చుంటానంటున్నావు. రెండు ప్రశ్నలు అడిగావు. జింక బాధపడకుండా పోవాలంటే ఎక్కడ కొట్టాలి అన్నది ఒకటి. మీ నాన్న ఆ నీళ్ళలోకి ఎందుకు దిగాడన్నది రెండోది. చివర్లో ప్రశ్న కానిది ఇంకొకటి రాశావు. మంచె దిగి ఆ నీళ్ళ దాకా నడుస్తాననీ, ఎందుకు దిగాడో తెలిసేదాకా వెనక్కి రాననీ. ఆ మాట నాకు నచ్చలేదు తల్లీ. లెంపికి నీ ఉత్తరం చదివి వినిపించినప్పుడు ఆ ఒక్క వాక్యం మింగేశాను.

ఇది రాస్తుంటే నా మోచేతి పక్కన బల్ల మీద ఒక మూట ఉంది. దాన్ని పంపాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. నీకు ఉత్తరం ఒక్కటే అందితే మూట సంగతి మర్చిపో.

ముందు తేలికైన కబుర్లు. ఈ ఏడు నేను కాంపుకి రాలేను. డాక్టరు వద్దన్నాడు, లెంపి అంతకంటే గట్టిగా వద్దంది. అక్కడ నీకు తోడు ఉర్హో ఒక్కడే ఉంటాడు. మీ నాన్నకీ నాకూ పాత నేస్తం, నీకు గుర్తుండే ఉంటాడు, పెద్ద చెవులవాడు. ఎనభై ఏళ్ళు నిండినా వంట ఇంకా వాడిదే. నువ్వొస్తున్నావని చెబితే, “ఆడపిల్ల వస్తే ఆవిరిస్నానాల సౌనా తలుపుకి గడియ పెట్టించాలి కదరా ఆర్వో! యాభై ఏళ్ళుగా దానికి గడియే లేదు” అన్నాడు. మర్నాడే ఇద్దరం వెళ్ళి పెట్టాం. వాడు బిగించాడు, నేను కూర్చుని తప్పులు పట్టాను. మీ నాన్న తుపాకి వాడి దగ్గరే ఉంది. ఏటా నూనె రాసి తుడుస్తాడు. ఇరవై ఆరేళ్ళలో దాన్ని ఎవరూ కాల్చలేదు.

ఇక మొదటి ప్రశ్న.

పద్నాలుగున రాగానే అట్టముక్క ఒకటి చెట్టుకి కట్టి మూడు తూటాలు కాల్చు. మూడు చిల్లులూ నీ అరచేతి కింద పట్టే దూరమే నీ దూరం. అది యాభై గజాలైతే యాభై గజాలే. అంతకుమించిన దూరంలో ఎంత పెద్ద కొమ్ములవాడు నిలబడినా, దండం పెట్టి వదిలెయ్యి.

జింక నీకు అడ్డంగా, పక్క చూపిస్తూ నిలబడాలి. ముందుకాలు మీద చూపు పెట్టి మెల్లగా పైకి రా. కాలు ఒంట్లో కలిసే చోట, వెనక అంచున ఆగు. పొట్ట గీత నుంచి వీపు దాకా ఉన్న ఎత్తులో కిందినుంచి మూడో వంతు. అక్కడ. రెండు ఊపిరితిత్తులూ అక్కడే ఉంటాయి, కింద గుండె ఉంటుంది. అక్కడ తగిలిన జింక నూరు గజాలు పరుగెడుతుంది, తనకేమైందో తెలిసేలోపే పడిపోతుంది. వేటగాడు జింకకి ఇవ్వగలిగిన మర్యాద అదొక్కటే. నీ నుంచి అవతలికి ఏటవాలుగా తిరిగి నిలబడితే, అవతలి ముందుకాలిని మనసులో చూసుకుని దానికేసి కొట్టు, తూటా తిత్తుల్లోంచే పోతుంది. నీకు ఎదురుగా వస్తుంటే కొట్టకు. తోక చూపిస్తుంటే కొట్టకు. తల మీద అసలే వద్దు. దవడ విరిగిన జింక ఆకలితో పదిహేను రోజులు చస్తుంది. నడుస్తుంటే కూడా కొట్టకు. నోటితో చిన్నగా మేకలా కూత వెయ్యి, ఏమిటా అని ఆగి చూస్తుంది. ఆ ఆగిన క్షణం నీది.

అందరూ చేసే తప్పు ఒకటుంది. జింకని చూస్తే కంటికి కనిపించేది దాని నడిమి భాగం. వెలుగు తగ్గుతుంటుంది, గుండె కొట్టుకుంటుంది, వేలు తొందరపడుతుంది, తూటా ఆ మధ్యకి పోతుంది. నేను చెప్పిన చోటికి జానెడూ బెత్తెడూ వెనక. అక్కడ ఉండేది పొట్ట, పేగులు. అక్కడ తగిలిన జింక చావకుండా ఉండదు, కానీ పగలంతా పడుతుంది, ఒక్కోసారి రాత్రంతా. అంత కచ్చితంగా కొలిచావా బాబాయ్ అని అడుగుతావేమో. కొలిచాను.

కాల్చగానే లేవకు. విను. తిత్తుల్లో తగిలితే గట్టిగా చరిచినట్టు వినిపిస్తుంది. పొట్టలో తగిలితే తడి గోనెసంచిని కర్రతో కొట్టినట్టు బోలుగా ఒక చప్పుడు. ఒకసారి విన్నవాళ్ళు దాన్ని మర్చిపోరు, పక్క మంచె మీద ఉన్నవాళ్ళకి కూడా తెలిసిపోతుంది. తర్వాత తోక చూడు. తగలని జింక తెల్లటి తోక జెండాలా ఎత్తి పారిపోతుంది. తగిలినది తోక ముడుస్తుంది. పొట్టలో తగిలినదైతే వీపు గూనిలా వంచి, నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. పరుగెత్తదు.

మంచె దిగేముందు గడియారం చూసుకుని అరగంట ఆగు. దిగాక నెత్తురు చూడు. గులాబీరంగులో నురగ ఉంటే తిత్తులు, నింపాదిగా వెళ్ళు, దొరుకుతుంది. నల్లగా ఉంటే కార్జం, నాలుగు గంటలు ఆగు. పచ్చటి పిప్పి కలిసి వాసన వస్తే, వెంటపడకు. వెంటపడితే లేచి ఇంకా దూరం పోతుంది. వెనక్కి వచ్చి, అందరికీ నిజం చెప్పి, మర్నాటి పొద్దుదాకా కూర్చో. మర్నాడు నీళ్ళున్న వైపు వెతుకు. పొట్టలో దెబ్బతిన్న జింకకి దాహం ఎక్కువ. అది నీళ్ళ దగ్గరికే పోతుంది.

ఇదంతా ఎవరు నేర్పారని కూడా అడిగావు. మొదటి సగం మీ నాన్నే నేర్పాడు. రెయినో లహ్తెలా అంటే ఒక తూటాతో వెళ్ళి ఒక జింకతో వచ్చేవాడని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

గుడిసెలోకి అడుగుపెట్టగానే పొయ్యి వెనక గోడ మీద ఏడు గుడ్డముక్కలు మేకులు కొట్టి కనిపిస్తాయి. వాటి కింద పేర్లు, సంవత్సరాలు. చూసి భయపడకు. కాల్చి గురి తప్పినవాడి చొక్కా వెనక కొస కత్తితో కోసి గోడకి కొట్టడం మన కాంపు ఆచారం. ఉర్హోవి నాలుగున్నాయి. వాడి భార్య, దేవుడు ఆమెను చల్లగా చూడాలి, ప్రతి అక్టోబరులోనూ వాడికి ఒక అడుగు పొడుగు ఎక్కువ ఉన్న చొక్కా కుట్టిచ్చేది. మరో రెండు పాత వేటగాళ్ళవి. మీ నాన్నది ఒక్కటీ లేదు. నాది ఒక్కటే ఉంది, ఎర్ర గళ్ళ ఉన్ని చొక్కా కొస. కింద 1969 అని ఉంటుంది.

ఆ సాయంత్రం సంగతి నీకు సరదాగా ఉంటుంది. వెలుగు పోయే వేళ ఒక కొమ్ముల జింక నా మంచె ముందు నుంచి నడిచి వెళ్ళింది. కాల్చాను. గుడిసెకి వచ్చి తప్పిందన్నాను. ఉర్హో గరిటె పక్కన పడేసి, “వచ్చాడండీ పెద్ద వేటగాడు! తోక ఎత్తిందా, నీకేసి నాలుక కూడా చాపిందా?” అని గంతులు వేశాడు. తోక ఎత్తుకునే పోయిందని చెప్పాను. మీ నాన్న అప్పుడే తన మంచె దిగి వచ్చాడు. బూట్లు విప్పుకుంటూ, “ఎత్తిందా?” అని ఒక్క మాట అడిగాడు. ఎత్తిందన్నాను. కాసేపు నాకేసి చూసి, కత్తి తీసి, “తిరుగు మరి” అన్నాడు. తనే కోశాడు, తనే మేకు కొట్టాడు. సుత్తి లేదని గొడ్డలి వెనకవైపుతో కొట్టాడు. ఉర్హో పాట అందుకున్నాడు. మాంసం కూరిన పాస్టీలు తిని, సౌనాలో కూర్చుని, నా చొక్కాకి సంతాపసభ పెట్టారు. మీ నాన్న నవ్వలేదని నాకు తర్వాత ఎప్పుడో గుర్తొచ్చింది.

ఆ మర్నాడే అది జరిగింది.

రెండో ప్రశ్నకి వచ్చేశాను చూశావా. నీకు తెలిసిందే నాకూ తెలుసు. ఇంకా సరిగ్గా తెల్లారకముందే ఎవరినీ లేపకుండా వెళ్ళాడు. ఎనిమిదికి మంచు మొదలై అడుగుల జాడలన్నీ కప్పేసింది. తొమ్మిది ప్రాంతంలో ఒక తూటా పేలింది. ఉర్హో పెనం మీద అట్టు తిరగేస్తూ, “అదుగో మన రెయినో. ఉల్లిపాయలు తరుగు ఆర్వో, ఇవాళ కార్జం వేపుడు” అన్నాడు. తరిగాను. మధ్యాహ్నం దాకా మీ నాన్న రాలేదు. వెతకడానికి బయల్దేరాం. బీవర్లు కొమ్మలు కొరికి తెచ్చి కట్టిన గట్టు వెనక నీళ్ళు నిలిచే చోటుంది, దేవదారు చిత్తడి మధ్యలో. దాని ఒడ్డున కొమ్మకి తుపాకి తగిలించి ఉంది. కింద కోటు మడతపెట్టి ఉంది, మడత మీద గడియారం. నీళ్ళ మీద వేలెడు మందాన గడ్డకట్టిన పొర, నడిమధ్యలో పగిలి ఉంది. బయటికి తీసినప్పుడు నడుముకి తాడు ఉంది. తుపాకిలో ఒక తూటా ఖాళీ. ఒంటి మీద గాయం లేదు, ఎక్కడా జింక లేదు.

ఊరు ఆ వస్తువులన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుని తనకి తోచిన అర్థం చెప్పుకుంది. ఆ అడవిని అరచేతిలా ఎరిగినవాడు, పద్ధతిగా కోటు మడిచి, గడియారం విప్పి, పల్చటి మంచుగడ్డ మీదికి తన కాళ్ళతో తాను నడిచాడు. పాస్టరు గారు నాలుగు ముక్కల్లో ప్రార్థన ముగించారు. మీ అమ్మ నన్ను మూడుసార్లు అడిగింది. “ఆర్వో, ముందురోజు మీరంతా కలిసే ఉన్నారు కదా. ఏమన్నా అన్నాడా? నా మీద కోపమా?” అని. తెలియదన్నాను మూడుసార్లూ. నీకు అప్పుడు తొమ్మిదేళ్ళు. మా వంటింట్లో బల్ల కింద కూర్చుని మా మాటలు వింటున్నావు. మీ అమ్మ మరుసటి నెలలో ఆయన బట్టలన్నీ కాల్చేసి, నిన్ను తీసుకుని మిల్వాకీ వెళ్ళిపోయింది.

చనిపోయేముందు ఆవిడ నీతో అన్న మాట రాశావు. మీ నాన్న మనల్ని వద్దనుకుని వెళ్ళాడు, ఆ గుణం నీలోనూ ఉంది జాగ్రత్త అని. చచ్చిపోయినవాళ్ళ మీద కోపం తెచ్చుకోకూడదు కానీ, హెల్మి ఆ మాట అనకుండా ఉండాల్సింది. దాన్ని మనసులో పెట్టుకుని ఆ మంచె ఎక్కకు. రెండో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు తైమీ. మనిషి మనసులో ఏముందో ఎవరికి తెలుసు? జింక సంగతి చూసుకో, నీళ్ళ వైపు వెళ్ళకు. ఈ ఏడు చలి ఆలస్యంగా వచ్చింది, గడ్డ ఇంకా గట్టిపడలేదు.

ఉన్ని మేజోళ్ళు రెండు జతలు తెచ్చుకో. లెంపి నీకోసం ఏలకుల రొట్టె చేసి ఉర్హోతో పంపుతోంది.

ఎల్లప్పుడూ నీ మేలు కోరే,
ఆర్వో కంగస్

తా.క.: నవంబరు 10, పొద్దున.

నిన్న కవరు అంటించేశాను. ఇవాళ కాఫీ పెట్టుకుని మళ్ళీ చింపాను. నువ్వు రాసిన ఆ వాక్యమే పొద్దున్నుంచీ చెవిలో ఉంది. తెలిసేదాకా వెనక్కి రాను. ఆ నీళ్ళ దగ్గర నువ్వు ఎంతసేపు నిలబడినా నీకేమీ తెలియదమ్మా. తెలిసినవాడు ఇక్కడ కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

నేను గురి తప్పలేదు. ఆ జింక నడుస్తోంది. నేను మేకలా అరవలేదు, ఆపలేదు. వెలుగు పోతోందని మధ్యకి కాల్చాను. ఆ బోలు చప్పుడు విన్నాను. వీపు వంచి, తోక ముడిచి, చిత్తడి వైపు నడిచి వెళ్ళింది. తప్పిందని చెబితే చొక్కా కొసతో పోతుంది. తగిలిందని చెబితే అందరూ మర్నాడంతా వెతకాలి, ఎక్కడ తగిలిందో అందరూ చూస్తారు. సిగ్గేసింది. అంతే, అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు. తోక ఎత్తిందన్నాను.

మీ నాన్న మంచె నా మంచెకి దగ్గరే. ఆయన ఆ చప్పుడు విన్నాడు. అందుకే “ఎత్తిందా?” అని అడిగాడు. ఉర్హో ముందు నా పరువు తియ్యకూడదని కత్తి తీశాడు. పొద్దుదాకా ఆగాలి కాబట్టి ఆగాడు. తర్వాత నేను చెయ్యాల్సిన పనికి తను వెళ్ళాడు.

వెతకడానికి వెళ్ళిన రోజు, అవతలి ఒడ్డు నేను చూస్తాను, మీరు ఇటు చూడండి అని అందరికీ చెప్పాను. ఎందుకంటే దెబ్బతిన్న జింక ఎటు పోతుందో నాకు తెలుసు. గట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాను. దేవదార్ల కింద పడి ఉంది. పొట్టలో నా తూటా. ముందుకాలు వెనక, చెప్పిన చోటికి వెంట్రుకవాసి తేడా లేకుండా, మీ నాన్న తూటా. ఇవతలి ఒడ్డు నుంచి చూశాడు, ఇంకా ప్రాణంతో ఉంది, బాధ తీర్చాడు. మేం విన్న తూటా అదే. తుపాకి కొమ్మకి తగిలించింది బరువు తగ్గించుకోవడానికి. కోటు విప్పిందీ అందుకే. గడియారం తడవకూడదని తీశాడు. అది నువ్వు వేసవి సెలవుల్లో ఆయనకి తోలు పట్టీ అల్లిచ్చిన గడియారం. తాడు జింకని లాక్కు రావడానికి. గట్టు చుట్టూ తిరిగితే గంట నడక. మేం అన్నానికి కూర్చునేలోపు తెచ్చేసి, తను కొట్టిన జింకే అని చెబుదామనుకున్నాడు, గోడ మీది నా చొక్కా ముక్క అబద్ధమని బయటపడకూడదని. ఆ గడ్డ మీద బోర్లా పాకి ఉంటాడు. ఆయన పద్ధతి అది.

అప్పుడు కేక వేసి ఉంటే సరిపోయేది. ఇదుగో జింక, ఇందుకే దిగాడు అని. మీ అమ్మకి ఆ ఒక్క మాట చాలు. నేను దేవదారు కొమ్మలు విరిచి దాన్ని కప్పేశాను. మూడు రోజుల తర్వాత ఒక్కడినే వెళ్ళి ఆ పక్క తోలు ఒలుచుకుని వచ్చాను. ఎందుకో నాకే తెలియదు. ఇరవై ఆరేళ్ళుగా అది నా ట్రంకు పెట్టెలో ఉంది. లెంపికి కూడా ఇవాళే చెప్పాను. ఆవిడ లేచి నా కాఫీ తీసుకెళ్ళి పారబోసింది.

మూట పంపుతున్నాను. విప్పి తోలు బల్ల మీద పరుచు. రెండు చిల్లులు ఉంటాయి. ముందుదాంట్లో బొటనవేలు పెట్టి, వెనకదాని వైపు చెయ్యి చాపు. జానెడు దాటి ఇంకా బెత్తెడు మిగులుతుంది. మీ నాన్న మిమ్మల్ని వద్దనుకోలేదు తైమీ. ఆ బెత్తెడు కోసం పోయాడు. హెల్మికి ఈ మాట బతికుండగా చెప్పలేదు. ఆ పాపం నేను మోసుకునే పోతాను, నన్ను క్షమించమని నిన్ను అడగను.

ఈ ఉత్తరం ఉర్హోకి పైకి చదివి వినిపించు, ఒక్క ముక్క మింగకుండా. నీళ్ళ దగ్గరికి వెళ్ళాలనిపిస్తే వాడితో కలిసి గట్టు చుట్టూ తిరిగి వెళ్ళు, గంట పట్టినా సరే.

ఇంకొక్క పని. కాంపులో అడుగుపెట్టగానే గోడ మీది నా చొక్కా కొస పీకి పొయ్యిలో వెయ్యి. మేకు మాత్రం ఉండనియ్యి. అది మీ నాన్న కొట్టింది.

ఆ.